మాగాణి ట్రాక్టరుకి మెట్ట ట్రాక్టరు రేటు ఇవ్వొచ్చా?

దర్శి_రైతుబిడ్డ:
మాది దర్శి వైపు, కంది, పొగాకు. పాత మహీంద్రా 575 కొందామని చూస్తున్నా. రెండు బళ్లు తగిలినయి, రెండూ 2012 మోడలే. ఒకటి కోవూరు దగ్గర, వరి పొలాల్లో దమ్ము (నాటుకి ముందు నీళ్లు పెట్టి బురద దున్నడం) చేసిన బండి, 2 లక్షల 60 వేలు అంటున్నారు. రెండోది కనిగిరి దగ్గర మెట్ట బండి, 3 లక్షల 20 వేలకి రూపాయి తగ్గనంటున్నాడు. దమ్ము బండిని ఉత్తినే ఇచ్చినా తీసుకోవద్దని మా మామ. ఒకే ఏడాది, ఒకే కంపెనీ, అరవై వేల తేడా. ఇది న్యాయమేనా?

పెన్నా_డెల్టా:
దమ్ము అనే మాట వినపడితే చాలు, సగం రేటుకి అడుగుతారబ్బా మీ మెట్టోళ్లు. మా దగ్గర దమ్ము ఎన్నాళ్లు? సోమశిల డ్యాములో నీళ్లుండి ఎడగారు (రెండో పంట) కూడా వేసిన ఏడు రెండు విడతలు, లేకుంటే ఒకటే. మిగతా రోజులు బండి షెడ్డులోనే ఉంటాది. మీ బండి ఏడాది పొడుగునా తిరగతానే ఉంటాది. దుక్కి అయిపోతే సుబాబుల్ కర్ర తోలకం, అదీ లేకపోతే చీమకుర్తి రాయి. ఏది ఎక్కువ అరుగుద్దో మీరే చెప్పండి.

కందుకూరు_మెకానిక్:
ఇద్దరూ ఏడాదిని పట్టుకుని వేలాడుతున్నారు. విప్పినప్పుడు కనపడేది నేను చెప్తా.

దమ్ములో ముందు దెబ్బతినేది ఇంజన్ కాదు, వెనక భాగం. కేజీ వీల్స్ (బురదలో దిగబడకుండా వేసే ఇనప చక్రాలు) వేసి బురదలో తిప్పితే యాక్సిల్ సీళ్లు పోయి నీళ్లు లోపలికి దిగుతయి. గేర్‌బాక్స్ కింద డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చెయ్యి. రాత్రంతా కదలని బండైతే నీళ్లు అడుక్కి చేరి ముందు అవే కారతయి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా వస్తే బేరింగుల ఖర్చు కూడా రాసుకో. బ్రేకులు డ్రై రకమా, ఆయిల్లో మునిగే రకమా అడుగు. డ్రై అయితే బురదకి ప్లేట్లు నిలవవు.

మెట్ట బండికి రోగం దుమ్ముతో వస్తది. ఎయిర్ ఫిల్టర్ గిన్నెలో ఆయిల్ మార్చకుండా దున్నుకుంటా పోతే లైనర్లు, రింగులు అరిగిపోతయి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు. పొగ ఆగాగి పైకి తంతా ఉంటే ఇంజన్ విప్పి బోరు పని చేయించే రోజు దగ్గర పడినట్టే. సీళ్లు మార్చే ఖర్చుకి, ఇంజన్ విప్పే ఖర్చుకి పోలికే లేదు.

ఇంకోటి, చెప్పకుండా పొద్దున్నే పో. నువ్వు వచ్చేసరికే బానెట్ వేడిగా ఉందంటే ఆ బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి ఏడిపిస్తదని అనుమానించు. రోటావేటరు పైకి లేపి ఇంజన్ ఆపెయ్, కాసేపట్లోనే కిందికి జారితే హైడ్రాలిక్ పని ఉంది. అవర్ మీటరు సంగతి వదిలెయ్, కేబుల్ తెగి ఆగిపోయినవే ఎక్కువ. క్లచ్ పెడల్ నున్నగా అరిగిందా లేదా చూడు.

పొదిలి_సంత:
మెకానిక్ అన్న చెప్పేది కాదనను. కానీ రేటంటే రేపు మనం అమ్మేటప్పుడు వచ్చేది. దమ్ము బండి అని నువ్వు తగ్గించి అడిగినట్టే రేపు నిన్నూ అడుగుతారు. బండి ఎంత బాగున్నా ఆ పేరు పోదు.

కందుకూరు_మెకానిక్:
తగ్గించి కొని తగ్గించి అమ్మితే పోయిందేముంది తమ్ముడూ? ఎక్కువ పెట్టి కొన్నోడికే ఆ భయం.

ఉలవపాడు_మామిడి:
ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. పాత పన్నుతో కలిపి ఏడు లక్షలున్న కొత్త బండి మీద దాదాపు 44 వేలు తగ్గాలి. పాత బళ్లు అమ్మేవాళ్లు మాత్రం ఇంకా అప్పటి కొత్త బండి రేటునే మనసులో పెట్టుకుని చెప్తున్నారు. కనిగిరి ఆయన పట్టుదల అదే అయ్యుంటది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద కూడా 18 నుంచి 5కి వచ్చింది. అంటే రిపేరు ఉన్న బండి కొనడం ఇదివరకంత నష్టం కాదు.

కాగితాలు కూడా చూసుకో. 2012లో రిజిస్ట్రేషన్ అయితే 15 ఏళ్ల గడువు 2027తో అయిపోతది. తర్వాత బండి చూపించి ఐదేళ్లకి రెన్యువల్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు నీదే. సి-బుక్కులో బ్యాంకు పేరు ఇంకా ఉందేమో చూడు. అప్పు తీరిపోయిందని నోటిమాట చెప్తారు, బ్యాంకు ఎన్‌ఓసీ మాత్రం ఉండదు.

దర్శి_రైతుబిడ్డ:
కనిగిరి బండి చూసొచ్చా. దుక్కి తప్ప వేరే పని చేయలేదన్నాడు. వెనక ట్రక్కు తగిలించే హుక్కులో పిన్ను రంధ్రం కోలగా అరిగిపోయింది! దుక్కికి హుక్కెందుకు అరుగుద్దని అడిగితే మాట మార్చాడు. మూత తీస్తే పొగ కొంచెమే ఉంది. మా మామ మాత్రం ఇప్పటికీ అదే తీసుకోమంటున్నాడు.

పొదిలి_సంత:
పొగ కొంచెమే అంటున్నావుగా. తోలకం బండైనా ఇంజన్ నిలబడింది. 2 లక్షల 90కి అడుగు.

పెన్నా_డెల్టా:
ముందు కోవూరు రా అబ్బయ్యా, డ్రెయిన్ బోల్టు నువ్వే విప్పి చూసుకో. కేజీ వీల్స్ కూడా కలిపే రేటు చెప్పుంటారు. దర్శిలో నీకవి ఎందుకు? అవి వాళ్లకే వదిలేసి, ఆ డబ్బులు తగ్గించమను.