సి షిఫ్ట్ ఉద్యోగం, షుగర్ బోర్డర్‌లో ఉంది, అన్నం పూర్తిగా మానేయమంటున్నారు. ఏం చేయమంటారు?

గాజువాక_షిఫ్ట్

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 86. వైజాగ్‌లో గాజువాకలో ఉంటాం. మూడు షిఫ్టుల ఉద్యోగం, వారం వారం మారుతూ ఉంటుంది. ఈమధ్య హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 6.1 వచ్చింది. డాక్టర్ గారు మందులేమీ రాయలేదు, బరువు తగ్గు, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం అన్నారంతే. సరే కదా అని ఇంటి దగ్గర జిమ్‌లో చేరితే అక్కడి ట్రైనర్, నీ ఎత్తుకి 65 ఉండాలి, మూడు నెలల్లో దింపేస్తా, అన్నం ముట్టుకోకు, రెండు పూటలా ఈ పౌడర్ తాగు అని డబ్బా చేతిలో పెట్టాడు. డబ్బా రేటు చూస్తే నెల సరుకులు వచ్చేస్తాయి.

అన్నం మానేస్తే సి షిఫ్ట్‌లో, అంటే రాత్రి డ్యూటీలో, అర్ధరాత్రి దాటాక కళ్లు తిరుగుతున్నాయి, ఆ ఆకలికి క్యాంటీన్‌లో పునుగులు, టీలు లాగించేస్తున్నా. ఇంట్లో అమ్మ గోల వేరే. నిజంగా అన్నం మానాల్సిందేనా? పోనీ నడక ఒక్కటే సరిపోతుందా? నైట్ షిఫ్ట్ వారంలో అసలు ఎప్పుడు తినాలి? ఎవరైనా షిఫ్టుల్లో ఉంటూ తగ్గినవాళ్లుంటే చెప్పండి.

ఎంవీపీ_అక్క

తమ్ముడూ, ముందు ఆ 65 సంగతి పక్కన పెట్టు. మన దగ్గర బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23 దాటితే బరువు ఎక్కువ అంటారు, ఆ లెక్కన మీ ట్రైనర్ చెప్పిన అంకె కరెక్టే, కానీ మూడు నెలల్లో 21 కిలోలు దించడం ఏంటి? అమెరికాలో నీలాగే షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది, 2002లో ఫలితాలు వచ్చాయి. వాళ్లు పెట్టుకున్న లక్ష్యం ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. అంతమాత్రానికే దాదాపు మూడేళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. నీ 86లో 7 శాతమంటే ఆరు కిలోలు. ముందు 80కి రా, వారానికి అర కిలో చొప్పున దిగితే చాలు.

అన్నం మానక్కర్లేదు, కొలవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల లెక్క ప్రకారం 2000 క్యాలరీల తిండిలో బియ్యం, గోధుమలు, చోళ్లు (రాగులు) అన్నీ కలిపి రోజుకి 250 గ్రాములు (వండకముందు), పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు. మనం సరిగ్గా తిరగేసి తింటాం: పళ్లెం నిండా అన్నం, పక్కన రెండు చెంచాల కూర. కూర ముందు వడ్డించుకో, పప్పు గట్టిగా వెయ్యమను, అన్నం ఆఖర్న. రైతు బజార్లో తోటకూర, బచ్చలికూర, చుక్కకూర ఖరీదేం కాదు, ఆ పౌడర్ డబ్బా డబ్బుతో ఇంటిల్లిపాదికీ నెలంతా కొనొచ్చు.

అన్నం కంటే నేనైతే నూనె మీద అనుమానపడతాను. ఒక పని చెయ్యి. కొత్త నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద పెన్నుతో తారీఖు రాయి. నలుగురున్న ఇల్లయితే ఆ 27 గ్రాముల లెక్కకి నెలంతటికీ మూడున్నర లీటర్లు వస్తుంది, అంటే లీటరు ప్యాకెట్ ఎనిమిది తొమ్మిది రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్లు వస్తోందో చూసి అమ్మగారికి ఆ ప్యాకెట్టే చూపించు, అన్నం మీద గొడవ దానంతటదే ఆగుతుంది.

కొబ్బరినూనె_ఫ్యాన్

బ్రో, ఇవన్నీ నెమ్మది బేరాలు. నేను అన్నం, చపాతీ, పళ్లు అన్నీ బంద్ పెట్టి కొబ్బరినూనె డైట్ చేశా, మొదటి వారంలోనే ప్యాంట్లు వదులయ్యాయి. మా మావయ్య కూడా చేస్తున్నాడు, ఆయనకి పదేళ్లుగా షుగర్. కొలతలు, ప్యాకెట్ మీద తారీఖులు ఎవడు రాస్తాడు?

ఎంవీపీ_అక్క

మొదటి వారంలో దిగేది చాలావరకు నీళ్లే నాయనా. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (పిండిపదార్థం నిల్వ) గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటుంది. పిండిపదార్థం ఆపగానే అదీ పోతుంది, నీళ్లూ పోతాయి. మళ్లీ ఒక పెళ్లి భోజనం చేస్తే తిరిగొస్తుంది. నీకు పడితే చేసుకో, నేనెవర్ని కాదనడానికి. మీ మావయ్య సంగతే నాకు భయం. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతూ తిండి ఒక్కసారిగా ఆపేస్తే షుగర్ డౌనై పడిపోతారు. మందు డోసు మార్చాలో లేదో డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టారా? అడగకపోతే ఇవాళే అడగమను.

పాత_సి_షిఫ్ట్

నేను రిటైరయ్యే దాకా షిఫ్టులే చేశానమ్మా, ఇక్కడ సలహాలిచ్చేవాళ్లలో సగం మందికి రాత్రి రెండు గంటల ఆకలి అంటే ఏంటో తెలీదు. బాబూ, ఆ టైములో వచ్చేది సగం ఆకలి, సగం నిద్ర. నిద్రని పునుగులతో ఆపలేవు.

పని పదింటికి మొదలైతే ఎనిమిదిన్నర లోపు ఇంట్లోనే అసలు భోజనం కానిచ్చేయాలి, అన్నంతోనే, కూర, పప్పు, మజ్జిగ అన్నీ ఉండాలి. కడుపు మాడ్చుకుని డ్యూటీకి వెళ్తేనే క్యాంటీన్ పిలుస్తుంది. అర్ధరాత్రి ఏం తిన్నా పగటి కంటే షుగర్ ఎక్కువ పెరుగుతుంది, ఒంటి గడియారం అలాంటిది, అందుకని ఆ వేళకి చిన్నదేదైనా చాలు. రెండు ఉడకబెట్టిన గుడ్లు, లేదా గుప్పెడు వేయించిన శనగలు, లేదంటే సీసాలో పల్చటి చోడి అంబలి మజ్జిగ కలిపి తీసుకెళ్లు. మా వైపు పల్లెల్లో పొలానికెళ్లేవాళ్లకి అదే ఆధారం, ఇప్పుడేమో బీచ్ రోడ్డులో గ్లాసుల్లో పోసి అమ్ముతున్నారు, చూస్తే నవ్వొస్తుంది.

టీ లెక్క కూడా చూసుకో. కప్పుకి రెండు చెంచాల పంచదార, రాత్రికి ఐదు టీలు అంటే 50 గ్రాములు. రోజు మొత్తానికి 25 దాటొద్దంటారు. పంచదార వెయ్యని టీ మొదట్లో చేదుగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. మూడున్నర తర్వాత టీ అస్సలు తాగకు, పొద్దున ఇంటికొచ్చాక నిద్ర పట్టదు. వచ్చాక రెండు ఇడ్లీలు తిని, గదికి మందపాటి కర్టెన్ వేసి, ఫోను బయట పెట్టి పడుకో. నిద్ర చాలకపోతే ఆకలి రెట్టింపవుతుంది, ఇది నేను ఒళ్లంతా అనుభవించి చెబుతున్న మాట.

ఫిజియో_సీతమ్మధార

నడక గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. గాజువాక నుంచి బీచ్ రోడ్డుకి వెళ్లి నడిచి రావాలని మాత్రం పెట్టుకోకండి, ట్రాఫిక్‌లోనే విసుగొచ్చి మానేస్తారు. ఇంటి దగ్గరే ఏదైనా గ్రౌండో చెట్లున్న రోడ్డో చూసుకోండి. వారానికి 150 నిమిషాలు, అంటే అరగంట చొప్పున ఐదు రోజులు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం ఉంటే చాలు. వాకింగ్ అయ్యాక టిఫిన్ బండి దగ్గర గారెలు, టీ కొడితే నడకలో ఖర్చయినదంతా దాదాపు అక్కడే తిరిగొచ్చేస్తుంది, బీచ్ రోడ్డులో రోజూ చూసే దృశ్యమే ఇది.

అయితే నడక ఒక్కటే సరిపోదు. వారానికి రెండు రోజులైనా కండకి పని పడాలి, తిన్న చక్కెరని ఎక్కువగా వాడుకునేది కండే. జిమ్ ఫీజు ఎలాగూ కట్టారు కాబట్టి పౌడర్ వద్దని చెప్పి బరువులు మాత్రం నేర్పించుకోండి. షిఫ్ట్ వల్ల వెళ్లలేని వారం ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ మీద పుషప్‌లు, ఇవి చాలు. సింహాచలం మెట్లెక్కడం మంచిదే, దిగేటప్పుడే మోకాలి మీద భారం ఎక్కువ, నొప్పి ఉంటే కిందికి బస్సులో రండి. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఏడాదికోసారి నడిచి ఆ తర్వాత వారమంతా మంచం దిగనివాళ్లు నా దగ్గరికి ఏటా వస్తారు. దేవుడి మీద భక్తి సరే, నెల ముందు నుంచి నడక పెంచుకుంటూ రావాలి కదా.

గాజువాక_షిఫ్ట్

అందరికీ థ్యాంక్స్. నూనె ప్యాకెట్ సంగతి మా ఆవిడకి చదివి వినిపిస్తే మనకి లీటరు ఐదు రోజులు కూడా రాదు అని నవ్వింది. మేం ఇంట్లో నలుగురం. ఆదివారం చేపల విషయం ఏంటి? వేపుడు లేకపోతే మా ఇంట్లో ఆదివారం గడవదు. ఇంకోటి, బరువు రోజూ చూసుకోవాలా? ఒక్కోరోజు కిలో పైకీ కిందకీ ఊగుతోంది, టెన్షన్ వచ్చేస్తోంది.

ఎంవీపీ_అక్క

హార్బర్ దగ్గర కానాగంతలు, కవ్వళ్లు తెచ్చి పులుసు పెట్టించు, ప్రొటీన్‌కి వంజరమే అక్కర్లేదు. వేపుడు కావాలంటే పెనం మీద రెండు చెంచాల నూనెతో కాల్చండి, మూకుడు నిండా నూనె పొయ్యద్దు. ఎండు చేపల్లో ఉప్పు విపరీతం, బీపీ ఉంటే దూరం పెట్టాలి.

బరువు వారానికొకసారి, ఒకే టైముకి చూస్తే చాలు, నైట్ షిఫ్ట్ వారంలో అదీ వద్దు. దానికి బదులు టేపుతో నడుము కొలుచుకో. ప్యాంటు బెల్టు దగ్గర కాదు, బొడ్డు దగ్గర, ఊపిరి బిగపట్టకుండా. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే ఆలోచించాలంటారు. ఆ పౌడర్ డబ్బా సీల్ తియ్యకపోతే వెనక్కి ఇచ్చెయ్. తీసేసి ఉంటే వెనకాల లేబుల్ ఫోటో పెట్టు, స్కూపులో ప్రొటీన్ ఎంతో, చక్కెర ఎంతో చూసి చెబుతాం.