క్రైస్తవ దృక్కోణంతో కౌన్సెలింగ్‌లో మాస్టర్స్: ఏది చదవాలి?

ఆశ_యూత్:
అందరికీ వందనాలు. ఆరేళ్లుగా మా సంఘంలో యూత్ పరిచర్య చూస్తున్నాను. పోయిన నెల మీటింగ్ అయ్యాక ఒకమ్మాయి ఆగి, "అక్కా, నాకు బ్రతకాలని లేదు" అంది. ప్రార్థన చేసి ఇంటికి పంపాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. సరిగ్గా నేర్చుకోవాలని అప్పుడే అనుకున్నాను. అమెరికాలో రెండు కోర్సులు చూశాను. ఒకటి సెమినరీలో (పాస్టర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో) బిబ్లికల్ కౌన్సెలింగ్ ఎంఏ, ఇంకొకటి క్రైస్తవ యూనివర్సిటీలో క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ ఎంఏ. రెండోది చదివితే విశ్వాసం చల్లబడుతుందని మా పాస్టర్ గారి భయం. చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి.

పాతకాపరి:
సిస్టర్, ఈ గొడవ కొత్తది కాదు. బైబిల్ వాక్యం ఉండగా సైకాలజీ ఎందుకని 1970లో అమెరికా పాస్టర్ జే ఆడమ్స్ గట్టిగానే అడిగారు. ఆ పద్ధతికి నౌథెటిక్ అని పేరు. బుద్ధి చెప్పడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. నేను ఆ దారిలోనే చదివాను, పశ్చాత్తాపం లేదు. అయితే దానితో మామూలుగా కౌన్సెలర్ లైసెన్స్ రాదు. నేను పాస్టర్‌ని కాబట్టి అవసరం పడలేదు, మీకు పడొచ్చు.

కీర్తన88:
ఆశ గారూ, నేను రెండోది చదివాను. విశ్వాసం చల్లబడలేదు కానీ దెబ్బలు తిన్నది మాత్రం నిజం, అదీ సైకాలజీ చేతిలో కాదు, టేప్ రికార్డర్ చేతిలో.

ప్రాక్టికమ్‌లో, అంటే సూపర్‌వైజర్ కింద చేసే మొదటి శిక్షణలో, క్లయింట్ అనుమతితో సెషన్ రికార్డ్ చేసి సూపర్‌వైజర్‌కి వినిపించాలి. పదినిమిషాల భాగం మాటకు మాట రాయాలి కూడా. మొదటి గడిలో క్లయింట్ మాట, రెండో గడిలో నా మాట, మూడో గడిలో ఆ క్షణం నాకేమనిపించిందో. ఒకావిడ "అమ్మ పోయాక పాటలు పాడలేకపోతున్నాను" అంది. నాలుగు సెకన్లు కూడా ఆగకుండా "ప్రార్థన చేద్దామా" అన్నాను. మూడో గడిలో "కనికరం" అని రాసుకున్నాను. మా సూపర్‌వైజర్ మేడమ్ ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి వినిపించారు. మూడోసారికి నాకే వినపడింది, నా గొంతు వణుకుతోంది. క్లయింట్ ఏడుస్తుందేమోనని నాకు భయం. కనికరం కొట్టేసి "భయం" అని రాశాను.

తర్వాతి వారం నోరు మూసుకుని కూర్చున్నాను. ఆవిడే 88వ కీర్తన తీసింది. చివరిదాకా చీకటే ఉన్న కీర్తన అది. ఇద్దరం చదివాం, నేను వివరించలేదు. ఆమె అడిగింది కాబట్టి చదివాం, అది వేరు. మన నమ్మకాన్ని క్లయింట్ మీద రుద్దకూడదని కౌన్సెలర్ల నైతిక నియమావళిలో స్పష్టంగా ఉంది.

పాస్టర్ గారికి ఒక మాట చెప్పండి: అమెరికాలోని ఫుల్లర్ సెమినరీ 1965లోనే తన దగ్గరే సైకాలజీ స్కూల్ పెట్టుకుంది. బయటివాళ్ల కుట్రేమీ కాదు.

లెక్కలమనిషి:
బ్రోచర్‌లో "క్రైస్తవ" అన్న మాట చూసి మురిసిపోకండి. కాక్రెప్ (అమెరికాలో కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందా అని అడగండి. ఉంటే 60 సెమిస్టర్ క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ (అందులో 40 క్లయింట్ ఎదురుగా), తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్ (240 ఎదురుగా) కనీసం ఉంటాయి. డిగ్రీ చేతికొచ్చాక కూడా లైసెన్స్‌కి పరీక్ష, సూపర్‌విజన్ గంటలు ఉంటాయి. రాష్ట్రాన్ని బట్టి లెక్క మారుతుంది. ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఆ 600 గంటల దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు.

ఆశ_యూత్:
థాంక్స్ అండి. 600 గంటలు చూస్తేనే టెన్షన్ వచ్చింది. కీర్తన గారూ, యూత్ పని మానకుండా కుదురుతుందా?

కీర్తన88:
పార్ట్‌టైమ్‌లో కుదురుతుంది, ఇంకాస్త ఎక్కువ కాలం పడుతుంది. దానికంటే ముందు ఒకటి అడుగుతాను: ఆ అమ్మాయితో మళ్ళీ మాట్లాడారా? "చచ్చిపోవాలని ఆలోచిస్తున్నావా, ఎలాగో కూడా అనుకున్నావా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. దీనికి ఎంఏ అక్కర్లేదు.

ఆశ_యూత్:
ఇప్పుడే ఫోన్ చేశాను, ఎత్తింది. మీరు చెప్పినట్టే అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. వాళ్ళమ్మ ఫోన్ తీసుకుంది. నేను బయల్దేరుతున్నాను, ముగ్గురం కలిసి డాక్టర్ దగ్గరకు వెళ్తాం.