క్లోరిన్ ఉన్నా చావని నాచు: ఈత కొలనులో లోపం ఎక్కడ?

ప్రశ్న:
నమస్కారం. శంకర్‌పల్లి దగ్గర మా తోట ఇంట్లో సుమారు 50,000 లీటర్లు పట్టే ఈత కొలను ఉంది. బోరు నీళ్లతో నింపి, రెండేళ్లుగా తేలే డబ్బాలో క్లోరిన్ బిళ్లలు వేస్తున్నాము. ఎండలు ముదిరినప్పటి నుంచి మెట్ల పక్కన, టైల్స్ సందుల్లో పచ్చటి నాచు పడుతోంది. రుద్దితే పోతుంది కానీ వారం తిరగకుండానే మళ్లీ జిగురు కడుతోంది. టెస్ట్ కిట్‌లో క్లోరిన్ 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు), పీహెచ్ 8.0 చూపిస్తున్నాయి. క్లోరిన్ ఉండగా నాచు ఎలా బతుకుతోంది? పూల్ చూసుకునే అతను మైలుతుత్తం వేద్దామంటున్నాడు. వేయవచ్చా?

సమాధానం:
మైలుతుత్తం నాచును చంపుతుంది, కానీ అందులోని రాగి నీటిలోనే ఉండిపోయి, పీహెచ్ పెరిగినప్పుడు గోడల మీద నీలిపచ్చ మరకలుగా దిగుతుంది. నాచు కన్నా ఆ మరకలను వదిలించడమే కష్టం కాబట్టి దాని జోలికి పోవద్దని నా సలహా.

నా అనుమానం బిళ్లల మీద. అవి టీసీసీఏ (ట్రైక్లోరోఐసోసయాన్యూరిక్ ఆమ్లం) రకమైతే వాటిలో క్లోరిన్‌తో పాటు సయాన్యూరిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా అది కొంత అవసరమే. అయితే బిళ్లల ద్వారా 10 పీపీఎం క్లోరిన్ చేరిన ప్రతిసారీ సుమారు 6 పీపీఎం ఆమ్లం కూడా చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఆమ్లం మాత్రం ఆవిరి కాకుండా పేరుకుంటుంది. అలా పేరుకున్న ఆమ్లం క్లోరిన్‌ను పట్టి ఉంచడం వల్ల కిట్ 3 అని చూపించినా నాచు మీద పనిచేసేది అందులో అతి స్వల్పం. ముందు ఆ ఆమ్లం ఎంతుందో పరీక్షించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. పరీక్షిస్తే 100 పీపీఎం వచ్చింది. దీన్ని తగ్గించే మందు ఏదైనా ఉందా?

మరొక సమాధానం:
నమ్మదగిన దారి నీళ్లు మార్చడమే. సగం తోడి కొత్త నీళ్లు పెడితే 50కి దిగుతుంది. పూర్తిగా ఖాళీ చేయకండి. భూగర్భ జలం పైకి ఉన్న వానాకాలంలోనైతే ఖాళీ తొట్టి కిందినుంచి తన్నుకు లేచే ప్రమాదం కూడా ఉంది.

తర్వాత పీహెచ్‌ను 7.2కు తెచ్చి, పొద్దుగూకాక ద్రవ క్లోరిన్ పోయండి. క్లోరిన్ సయాన్యూరిక్ ఆమ్లం స్థాయిలో 40 శాతం ఉండాలి, అంటే నీళ్లు మార్చాక మీకు మిగిలే 50కి 20 పీపీఎం కావాలి. 10 శాతం ద్రవమైతే దాదాపు 10 లీటర్లు. డబ్బా పాతదైతే బలం తగ్గి ఉంటుంది కనుక పోశాక పరీక్షించి, తగ్గిన మేర కలపండి. నాచు తన జిగురు పొర చాటున దాక్కుంటుంది కాబట్టి రోజూ బ్రష్‌తో గట్టిగా రుద్దాలి. నిచ్చెన వెనుక, లైటు గూటిలో వదిలేస్తే అక్కడి నుంచే మళ్లీ పాకుతుంది. ఫిల్టర్‌ను ఆపకుండా నడిపి, ప్రెషర్ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీటిని వెనక్కి తిప్పి ఫిల్టర్‌ను కడగండి. నీళ్లు తేటపడి, రాత్రి నుంచి తెల్లవారేలోగా క్లోరిన్ 1 పీపీఎం కన్నా ఎక్కువ తగ్గని దాకా ఆ 20ని నిలపాలి. ఈలోగా ఎవరినీ దిగనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు:
ద్రవానికి బదులు బ్లీచింగ్ పౌడర్ వాడవచ్చా?

మరొక సమాధానం:
పనిచేస్తుంది కానీ అది కాల్షియాన్ని చేరుస్తుంది. మీ బోరు నీళ్లు కఠినమైనవైతే టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది. పైగా బిళ్లలు వేసిన డబ్బాలో ఆ పొడి ఎన్నడూ వేయకూడదు, రెంటికీ ఒకే గరిటె కూడా వాడకూడదు. అవి కలిస్తే మంట లేచి పేలే ప్రమాదం ఉంది.