ఆక్యుపంక్చర్‌తో ఒకరికి నొప్పి తగ్గి, ఇంకొకరికి తగ్గదెందుకు?

నడుంనొప్పి:
నాకూ మా అక్కకూ నడుం నొప్పే. సూదులు పెట్టింది ఒకే వైద్యుడు. అక్కకు హాయిగా ఉందట, నాకు చురుక్కుమనడం తప్ప ఏమీ లేదు. తేడా మనసులోనా, ఒంట్లోనా?

సందేహి:
మనసులోనే. జర్మనీలో 1,162 మంది నడుం నొప్పి రోగులపై చేసిన గెరాక్ పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలలకు, అసలు ఆక్యుపంక్చర్ చేయించుకున్నవాళ్లలో 47.6 శాతం మందికి మెరుగైంది. ఆక్యుపంక్చర్ స్థానం కాని చోట పైపైన గుచ్చిన ఉత్తుత్తి సూదులతో 44.2. మందులు, వ్యాయామం వగైరాలతో 27.4. ఎక్కడ గుచ్చినా ఒకటే అయితే ఇక మిగిలింది నమ్మకమేగా!

ప్రయోగశాల:
ఎలుకలకు ఏం నమ్మకం ఉంటుందండీ? బీజింగ్‌లో హాన్ జిషెంగ్ బృందం సూదుల ద్వారా సన్నగా కరెంటు పంపి చూస్తే, వాటిలోనూ కొన్ని స్పందించాయి, కొన్ని లేదు. సూదితో ఒంట్లో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్ల లాంటి రసాయనాలు విడుదలవుతాయి. వాటికి అడ్డుపడే కోలిసిస్టోకైనిన్ అనే రసాయనం స్పందించని ఎలుకల్లో ఎక్కువ. దాన్ని అణిచేస్తే ఆ మొండి ఎలుకలూ దారికొచ్చాయి.

సందేహి:
ఎండార్ఫిన్లు ఉత్తుత్తి మందుకీ విడుదలవుతాయి. పంటి నొప్పి రోగుల్లో ఆ ఉపశమనాన్ని, ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే నలోక్సోన్ అనే మందు దెబ్బతీస్తుందని 1978లోనే చూపించారు. అంటే నమ్మకం పనిచేసేదీ ఆ దారిలోనే. మనసా ఒళ్లా అని విడదీసిన నా మొదటి జవాబు కంటే ఇదే బలమైన వాదన అనుకుంటా.

లెక్కలమనిషి:
అక్కయ్యగారికి తగ్గింది సూది వల్లేనని మీ ఇద్దరూ ముందే ఒప్పేసుకున్నారు. నడుం నొప్పి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. భరించలేనప్పుడే వైద్యుడి దగ్గరికి పరిగెడతాం, ఆ తర్వాత చాలాసార్లు అదే కొంత దిగుతుంది. ఆ 47.6 శాతం కూడా పరిశోధకులు గీసిన గీత దాటినవాళ్ల లెక్క, అంతే. వాళ్లంతా సూదికి లొంగే ఒళ్లున్నవాళ్లని దాని అర్థం కాదు. ఒక మనిషి తత్వం తేలాలంటే అదే మనిషికి అసలు సూదులు, ఉత్తుత్తివి పలుమార్లు మార్చి మార్చి పెట్టాలి. ఏవి పెట్టారో ఆయనకు తెలియకూడదు. అసలైనవాటితో ప్రతిసారీ ఎక్కువ తగ్గితే అప్పుడు జన్యువులూ రసాయనాలూ వెతుకుదాం. ఎలుకల సంగతి ఒప్పుకుంటాను, కానీ మనుషుల్లో ఇలాంటి పరీక్ష చేయకుండానే స్పందించేవాళ్లు, స్పందించనివాళ్లు అని ముద్ర వేసేస్తున్నాం.

నడుంనొప్పి:
అయితే నేను మళ్లీ వెళ్లాలా, వద్దా?

లెక్కలమనిషి:
వెళ్లాలనుంటే వెళ్లండి. వెళ్లేముందు కొన్నాళ్లు రోజూ నొప్పికి పదికి ఎన్నో రాసుకోండి, తర్వాత కూడా రాయండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా మాత్రం సూదుల మాట పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.