బడి తెరిచేలోపు తాండ్ర అవుతుందా?

ప్రశ్న: అమలాపురంలో ఉంటాం. జూన్ 12న బడి. ఇద్దరం ఉద్యోగాలకి పోతాం, పొద్దున్న గంటే ఖాళీ. పిల్లలతో మామిడి తాండ్ర పెట్టించాలంటే ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు: ఎండ గట్టిగా కాస్తే వారం, పది రోజులండి. బాగా పండిన రసాలు పిసికి, పీచు పోయేలా జల్లెడలో వడకట్టండి. కిలో గుజ్జుకి పావుకిలో పంచదార చాలు. చాపకి నెయ్యి రాసి పల్చగా పూయాలి. రోజుకో పొరే! కింది పొర వేలికి అంటుతుంటే మీద పొయ్యొద్దు, లోపల తడి నిలిచి బూజు పడుతుంది.

జవాబు: పిసకడం పిల్లలకే వదిలేయండి, ఒళ్లంతా పూసుకున్నా సరే. చాప పైన పల్చటి పంచె కట్టకపోతే ఈగలు.

జవాబు: జూన్ మొదలైతే మబ్బులు నమ్మలేం. చాప మానేసి స్టీలు పళ్లేల్లో నాలుగు పొరలతో ఆపండి. నెయ్యి తగ్గితే మాత్రం ఊడిరాదు.