లా చదువుతున్న మా చెల్లి నోరు విప్పడం మానేసింది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా చెల్లి విజయవాడలో ఐదేళ్ల లా కోర్సు, రెండో సంవత్సరం. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మొన్న మూట్ కోర్టులో (కాలేజీలో విద్యార్థులు వాదించే నమూనా కోర్టు) 'రెస్ జుడికేటా' అన్న లాటిన్ మాట తప్పుగా పలికిందని క్లాసంతా నవ్వారట. అప్పటినుంచి క్లాసులో మాటే లేదు. లంచ్ బాక్సు తెరవకుండానే తిరిగి తెస్తోంది. నిన్న తన నోట్సు చూశాను. ప్రతి లాటిన్ మాట పక్కనా పెన్సిల్‌తో తెలుగులో ఉచ్చారణ రాసుకుంది, చెరిపి మళ్లీ రాసింది. కడుపు తరుక్కుపోయింది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించాను, తెలుగులోనే మాట్లాడారు, కాస్త తేలికపడింది. కానీ రోజూ వెళ్లాల్సింది ఆ క్లాసుకే కదా. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. కాలేజీలో అడిగితే 'చూద్దాం' అన్నారు.

లా చదివినవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు దయచేసి చెప్పండి. సీనియర్లను జూనియర్లకు తోడుగా పెట్టే పద్ధతి మీ దగ్గర ఉందా? ప్రిన్సిపాల్‌కు అర్జీ ఎలా రాస్తే పట్టించుకుంటారు? తెలుగు మీడియం నుంచి వచ్చి విజయవాడలో ప్రాక్టీసు చేస్తున్న లాయరుగారు ఎవరైనా ఒక్క గంట తనతో మాట్లాడతారా? చదువు మానేస్తానంటోంది. తనకేమో ఆ నల్లకోటంటే ప్రాణం.