“వాస్తవాలు మొండివి” అంటే సరిపోతుందా?

జాన్ ఆడమ్స్ మాట ఒకటి తెలుగు చేస్తూ ఒక్క విశేషణం దగ్గర ఆగిపోయాను. అమెరికాకు రెండో అధ్యక్షుడు కావడానికి చాలా ముందు ఆయన మసాచుసెట్స్‌లో వకీలు. 1765లోనే, బ్రిటన్ తన అమెరికా వలసల మీద వేసిన స్టాంపు పన్నును ఎదిరించి రాసినవాడు. అలాంటి మనిషి, 1770 మార్చి 5 రాత్రి బోస్టన్ వీధిలో ఐదుగురిని కాల్చి చంపిన బ్రిటిష్ సిపాయిల తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. ఊరంతా కోపంతో రగిలిపోతున్న రోజులవి. గుంపు మంచుగడ్డలు, ఆల్చిప్పలు, కర్రలు విసిరిందని సాక్షులు చెప్పారు. డిసెంబరులో జ్యూరీ ముందు ఆయనన్న మాట: “ఫ్యాక్ట్స్ ఆర్ స్టబ్బర్న్ థింగ్స్”. మన కోరికలు, ఆవేశాలు ఎలా ఉన్నా జరిగినదీ సాక్ష్యమూ మారవని ఆ వెంటనే అన్నాడు. ఎనిమిది మంది సిపాయిల్లో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. మిగతా ఇద్దరిదీ ఉద్దేశపూర్వక హత్య కాదని తేల్చి, బొటనవేలి మీద వాత పెట్టి వదిలేశారు.

“స్టబ్బర్న్”కి మొండి అని పెట్టి “వాస్తవాలు మొండివి” అని రాస్తే నాకే నచ్చలేదు. మొండి కత్తి తెగదు, మొండి బాకీ వసూలు కాదు, మొండిచెయ్యి చూపితే ఏమీ దక్కదు. అన్నీ పనికిరానివే కదా! “తిరుగులేనివి” అందామా?

జవాబు: వద్దండీ, మొండిని వదలకండి. “తిరుగులేనివి” అనేది కేసు గెలిచాక అనే మాట. అన్నిటికీ తట్టుకుని నిలబడినదాన్ని “మొండి ప్రాణం” అంటాం, అందులో తిట్టు ఎక్కడుంది? “మొండివాడు రాజుకన్నా బలవంతుడు” అనే సామెత ఉండనే ఉంది. 1776లో ఆడమ్స్ అమెరికా వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్‌లో పట్టుబట్టి స్వాతంత్ర్యం కోసం వాదించింది బ్రిటన్ రాజు మీదే. నాకు ఇబ్బందిగా ఉన్నది మీ “వాస్తవాలు”. అది పేపర్ భాష. ఆ ఇంగ్లిష్ మాట ఆడమ్స్ పుట్టించింది కాదు, అప్పటికే జనం నోట ఉన్న సామెత. సామెతని సామెతలాగే దించాలి.

నిజమేనండీ, సామెత అన్న సంగతి నాకు తట్టలేదు. “నిజం” అని పెడదామనుకున్నాను గానీ, దానికి ఎదురుగా వెంటనే “అబద్ధం” వచ్చి నిలబడుతుంది. ఆయన జ్యూరీని అడిగింది ఆ రాత్రి ఏం జరిగిందో చూడమని. అందుకే ఇలా మార్చాను: “జరిగింది మొండిది. మనం ఏడ్చినా, మండిపడ్డా కదలదు.”